పెద్దాయన ఎడమ చెవి

పెద్దాయన వీధిలో నడుస్తుంటే ఆయన ఎడమ భుజానికి అరడుగు వెనక ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడు. ఫొటోల్లో అతని మొహం సగమే పడుతుంది. ఊళ్ళో అందరూ అతన్ని డైరీ అంటారు. జేబులో డైరీ ఉండి కాదు, అలాంటిదేదీ అవసరం లేనివాడు కనక.

అతని పని మూడు ముక్కలు అందించడం. ఎదురుగా వస్తున్నది ఎవరు, ఇంట్లో ఎవరు, ఏం బాధ. మనిషి పదడుగుల దూరంలో ఉండగా మొదలుపెట్టి నాలుగడుగులకల్లా ముగించాలి. పెదవులు కదలకూడదు. గాలి మాత్రమే కదలాలి.

"తాళాల మేస్త్రి. కొడుకు మెకానిక్. మోకాలు."

"ఏం మేస్త్రీ, మోకాలు ఎలా ఉంది? కొడుకు పనికెళ్తున్నాడా?" అంటాడు పెద్దాయన, రెండు చేతులూ పట్టుకుని. ఐదుసార్లు గెలిచి, రెండుసార్లు మంత్రి అయిన మనిషి తన మోకాలిని గుర్తుపెట్టుకున్నాడంటే మేస్త్రి ఏమైపోవాలి? కళ్ళు చెమరుస్తాయి. ఇది నాటకమని తేలిగ్గా కొట్టిపారేయడానికి లేదు. పట్టుకున్న చేతిని పెద్దాయన తనంతట తాను ముందు వదలడు. అవతలివాళ్ళు వదిలేదాకా పట్టుకునే ఉంటాడు. ఆ చేతులు చూసే డైరీ ఇరవై ఎనిమిదేళ్ళ క్రితం ఆయన వెనక చేరాడు.

ఎన్నికలు ఇంకా తొమ్మిది రోజులున్నాయనగా, ఆ ఉదయం బజారు వీధి. పెద్దాయనకి ఇది ఆరో పోటీ. జెండాలవాళ్ళు ముందు, పెద్దాయన మధ్యలో, అల్లుడు జీపులో. డైరీ గొంతు నాలుగు రోజులుగా బొంగురుగా ఉంది. అయినా కిళ్ళీ బంకును దాటించాడు, చెప్పుల కొట్టును దాటించాడు, మార్కెట్ మూలకి వచ్చేసరికి ఊపిరి బిగబట్టాడు.

ఆ మూల, పద్నాలుగో నంబరు గది ముందు, మెట్ల పక్కన ఒకావిడ కుట్టుమిషను పెట్టుకుని కూర్చుంటుంది. గదిలో సెల్‌ఫోన్ల దుకాణం. నాలుగేళ్ళ క్రితం మార్కెట్ కొత్తగా కట్టినప్పుడు అందరి ముందూ చీటీలు తీస్తే ఆ గది ఆవిడకి వచ్చింది. తాళంచెవి చేతికొచ్చేలోపు అందులో పెద్దాయన బావమరిది దిగాడు. అప్పట్నించీ ఆవిడ తన గది గుమ్మం బయటే ఎండకీ వానకీ కుడుతోంది. వాన పడితే మిషను మీద కప్పిన పట్టాలో తను కూడా దూరుతుంది.

"కుట్టుమిషను అక్క. కూతురు కాలేజీ," అన్నాడు డైరీ. ఆవిడ విషయంలో మూడో ముక్క ఉండదు.

"అమ్మాయి బాగా చదువుతోందా అక్కా?" అన్నాడు పెద్దాయన.

"చదువుతోంది బాబూ. మీతో ఒక్కమాట, ఆ గది..."

"సెలూన్ పెద్దమనిషి. ఒంటరి. నడుంనొప్పి," అన్నాడు డైరీ, మామూలుకన్నా ఆరడుగులు ముందుగా. పెద్దాయన తల అటు తిరిగింది. ఆవిడ మాట గాల్లో ఉండిపోయింది. నాలుగేళ్ళుగా ఇదే వరస. గదిలో దిగిన మనిషిని ఖాళీ చేయించలేడు గానీ, ఆవిడ వాక్యాన్ని సగంలో తుంచడం డైరీకి వెన్నతో పెట్టిన విద్య అయిపోయింది.

అందుకతను సిగ్గుపడేవాడు కాడని కాదు. పడేవాడు, పడి సర్దుకునేవాడు. పెద్దాయనకి ఈ సంగతి తెలిస్తే ఆ పూటే గది ఖాళీ చేయిస్తాడు. అమ్మగారికి తమ్ముడంటే ప్రాణం, అన్నం నీళ్ళు మానేస్తుంది. ఇల్లు రెండు ముక్కలవుతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మధ్యలో తన నోరు మూసుకుంటే అందరూ చల్లగా ఉంటారు, ఆవిడ తప్ప. ఆ చివరి రెండు మాటల దగ్గరికి రాగానే డైరీ ఆలోచించడం ఆపేసేవాడు.

వడ్రంగి దుకాణం ముందు గొంతు పూర్తిగా పోయింది. మూడు ముక్కల బదులు ఎలుకపిల్ల కూసినట్టు ఒక కూత వచ్చింది. "ఏంటీ?" అని పెద్దాయన పైకే అడిగేశాడు. వడ్రంగి బిత్తరపోయాడు.

గొంతు డాక్టరు అద్దం పెట్టి చూశాడు. "తీగల మీద కాయలు కాశాయి. బాగా అరుస్తారా మీరు?"

లేదన్నట్టు తల ఊపాడు డైరీ. అతను జీవితంలో ఎవరిమీదా అరవలేదు.

"మరి?"

డైరీ పెదవులు కదలకుండా ఆయన చెవిలో తన పనేమిటో చెప్పాడు. డాక్టరు ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. "అరుపుకన్నా గుసగుస చెడ్డదయ్యా! గొంతుని నలిపేస్తుంది. పదిరోజుల్లోపు నోరు విప్పారంటే ఇక దాన్ని మర్చిపోవచ్చు."

డైరీ భార్య బస్సు కండక్టరు. రోజుకి వెయ్యిమందిని తోసుకుంటూ "టికెట్, టికెట్" అని అరిచే మనిషి. ఆ సాయంత్రం సంచీ వంకెకి తగిలించి, డాక్టరు చీటీ చదివి నడుంమీద చేతులు పెట్టుకుంది.

"ఇరవై రెండేళ్ళుగా అరుస్తున్నా నా గొంతు రాయిలా ఉంది. రహస్యాలు చెప్పి మీరు పోగొట్టుకున్నారా? పోనీలెండి, పదిరోజులు నా మాటకి ఎదురు లేదు."

అతను కాయితం మీద రాశాడు. ఆవిడ దాన్ని పక్కింటికి వినపడేలా చదివింది. "కుట్టుమిషను అక్క మొహం చూడలేకపోతున్నాను." వెంటనే గొంతు తగ్గించి, "చూడలేకపోతే చెప్పండి మీ పెద్దాయనకి," అంది.

"ఆయనకి తెలియదు. తెలిస్తే ఊరుకోడు," అని రాశాడు.

"తెలిస్తే ఊరుకోని మనిషికి తెలియనివ్వకుండా నాలుగేళ్ళు కాపలా కాశారు. బాగుంది మీ ఉద్యోగం," అని ఆవిడ స్టవ్ వెలిగించడానికి వెళ్ళింది.

మర్నాడు అల్లుడు చాలా హుషారుగా ఉన్నాడు. మామగారు ఇంకా చెవిలో మనుషుల్ని పెట్టుకుని తిరగడం అతనికి మొదట్నించీ నామోషీ. పెద్దాయన చెవిలో బఠాణీగింజంత యంత్రం పెట్టించాడు. జీపులో ఒక అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని, కెమెరాలో కనపడిన మనిషి వివరాలు చదువుతుంది. అంతా లెక్కప్రకారమే జరిగింది గానీ, యంత్రం ఒక మనిషి వెనకబడింది. కిళ్ళీ బంకతని వివరాలు చెప్పుల కొట్టతను వచ్చాక వినపడ్డాయి. నిండు గర్భిణి ఒకామె దణ్ణం పెట్టి వెళ్ళిపోయాక, సెలూన్ పెద్దమనిషి చెయ్యి పట్టుకుని పెద్దాయన ఆప్యాయంగా, "కాన్పు ఎప్పుడన్నారు డాక్టర్లు?" అన్నాడు.

అరవైయేళ్ళ బ్రహ్మచారి సెలూన్ పెద్దమనిషి తన పొట్ట వైపు చూసుకున్నాడు. "ఇంకా ఏ విషయం చెప్పలేదండీ," అన్నాడు. వీధి వీధంతా పగలబడి నవ్వింది.

పెద్దాయన కూడా నవ్వాడు. ఆ గింజని పీకి జేబులో వేసుకుని, సెలూన్ అరుగు మీద కూర్చున్నాడు. "సరే, ఇవాళ నాకేమీ తెలీదు. మీరెవరో మీరే చెప్పండి."

జనం మొదట నమ్మలేదు. తర్వాత ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెట్టారు. అరడుగు వెనక, చేతులు కట్టుకుని, డైరీ విన్నాడు. అతనికి పనిలేకుండా వినడం అదే మొదటిసారి.

"మోకాలు ఎప్పుడో తగ్గిపోయింది బాబూ," అన్నాడు తాళాల మేస్త్రి. "ఆరేళ్ళయింది. మీరు అంత ప్రేమగా అడుగుతుంటే లేదనడం బాగుండదని కుంటుతున్నాను. అసలు బాధ వేరే. కొడుకు ఇంట్లోంచి వెళ్ళిపోయి రెండేళ్ళయింది."

డైరీకి తల కొట్టేసినట్టయింది. తన తలలో పదివేల మంది ఉన్నారని గర్వం అతనికి. ఉన్నారు, నిజమే. ఎప్పుడో ఒకరోజు ఎలా ఉన్నారో అలాగే, దుకాణంలో బొమ్మల్లా నిలబడి ఉన్నారు. వాళ్ళ ఇళ్ళల్లో ఆ తర్వాత జరిగిందేదీ అతనికి అందలేదు, ఎందుకంటే తనే ఎవర్నీ రెండో వాక్యం చెప్పనివ్వలేదు.

అప్పుడు కుట్టుమిషను అక్క లేచి వచ్చింది. మెడలో టేపు అలాగే ఉంది, వేలికి సూది గుచ్చుకోకుండా పెట్టుకునే అంగుస్తాన్ ఉంది. ఒకసారి డైరీ వైపు చూసింది, అడ్డం వస్తాడేమోనని. రాడని రూఢి చేసుకుని మొదలుపెట్టింది.

"చీటీలో పద్నాలుగో గది నాకొచ్చింది బాబూ. మీరే చేత్తో తీసి చదివారు. తాళం ఇవ్వలేదు. ఆఫీసుకి ముప్పైసార్లు వెళ్ళాను. గది మీ బావమరిది పేర మార్చిన ఫైలు ఏదో, దాని నంబరేమిటో తెస్తేగాని చూడలేమంటారు. నంబరు చెప్పమంటే చెప్పరు. నాకు డబ్బు వద్దు బాబూ, దయ వద్దు. నా గది నాకివ్వండి. అమ్మాయి ఈ మెట్ల మీదే కూర్చుని చదివి కాలేజీకొచ్చింది. వానాకాలం దాని పుస్తకాలు నా ఒళ్ళో పెట్టుకుని నేను తడిశాను."

పెద్దాయన నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. 

"నాలుగేళ్ళు," అన్నాడు. "నా ఇంటివాడు, నా కళ్ళముందు! నాకు ఒక్కరు చెప్పలేదే!"

అని నెమ్మదిగా తల వెనక్కి తిప్పి డైరీని చూశాడు. వీధంతా అటే చూసింది.

"అదీ సంగతి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు," అన్నారెవరో. "రోజూ చెవిలో ఊదేది మరి ఏం ఊదుతున్నట్టు?" అన్నారింకొకరు. సెలూన్ పెద్దమనిషి ఒక్కడే గడ్డం గోక్కున్నాడు.

"ఎల్లుండి మళ్ళీ ఇటే వస్తానక్కా," అన్నాడు పెద్దాయన ఆవిడ చెయ్యి పట్టుకుని. "అప్పటికి ఆ గది నీది." ఆవిడ వదిలేదాకా ఆయన చెయ్యి వదల్లేదు. ఆవిడ చాలాసేపు వదల్లేదు.

డైరీ తల వంచుకుని నిలబడ్డాడు. అవమానంతో చెవులు వేడెక్కాయి. కానీ లోపల ఎక్కడో ఒక పెద్ద బరువు జారి కిందపడింది. పోనీ, పోతే తన పరువు పోయింది. ఆవిడకి గది వస్తుంది. తను అనుకున్నదే నిజమైంది, ఆయనకి తెలియాలే గానీ ఊరుకోడు. ఆ మధ్యాహ్నం అతను చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు.

సాయంత్రం పెద్దాయన ఇంట్లో, వెనక వరండాలో, ఆయన ఉప్పు కలిపిన వేడినీళ్ళలో పాదాలు పెట్టుకుని కూర్చున్నాడు. రోజంతా నడిచిన పాదాలు, మడమల దగ్గర పగుళ్ళు. మంత్రిగా ఉన్నప్పుడు కూడా ఆయన కారు దిగి నడిచేవాడు. నీళ్ళు చల్లారితే వేడినీళ్ళు పోయడం ఎన్నో ఏళ్ళుగా డైరీ పని, ఎవరూ చెప్పకుండానే చేస్తాడు. చెంబు పక్కన పెట్టి కాయితం అందించాడు. "క్షమించండి. ముందే చెప్పాల్సింది."

పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. చదివి ముసిముసిగా నవ్వాడు.

"ఏం చెప్పాల్సింది? గది మా వాడి పేర మార్చే కాయితం మీద సంతకం ఎవరిదనుకున్నావు?"

చెంబు అందుకోబోయిన డైరీ చెయ్యి ఆగింది.

"నాదే. ఫైలు తెచ్చి నా ముందు పెట్టింది నువ్వే. మర్చిపోయావా? నువ్వు మర్చిపోవే!" పెద్దాయన పాదాలు నీళ్ళలో కదిపాడు. "ఇంట్లో పోరు పడలేక పెట్టాను. నేను చేసిన మంచి పనేం కాదు, కాదనను. కానీ ఇవాళ నువ్వు నిలబడ్డ తీరు చూశావూ, నాకు కడుపు నిండిపోయింది. నామీద ఒక్క మాట పడకుండా అంతా నీమీదేసుకున్నావు."

"మరి గది?" అని రాశాడు డైరీ. వేళ్ళు తడిగా ఉండి అక్షరాలు అలుక్కుపోయాయి.

"ఎన్నికలవనీ, చూద్దాం. జనంలో అన్న మాట జనంతోనే పోతుంది." ఆయన గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. తమ్ముడికి చెప్పినట్టు చెప్పాడు. "ఊళ్ళో జ్ఞాపకశక్తి ఉన్నవాళ్ళకేం కరువురా? ఆ యంత్రానికీ ఉంది, రేపోమాపో సరిగ్గా పనిచేస్తుంది కూడా. ఏది చెప్పకూడదో తెలిసినవాడివి నువ్వొక్కడివే. అందుకే నిన్ను వెనక పెట్టుకున్నాను. కాసిని నీళ్ళు పొయ్యి."

డైరీ నీళ్ళు పోశాడు. మనిషి ఎంత తిరగబడాలనుకున్నా చెయ్యి అలవాటైన పని చేసేస్తుంది.

ఇంటికి నడుస్తుంటే, నాలుగేళ్ళ క్రితం ఆ ఫైలు తెచ్చిన రోజు మొత్తం కళ్ళముందుకి వచ్చింది. వానపడుతున్న మధ్యాహ్నం. ఆఫీసు నుంచి పదకొండు ఫైళ్ళు చొక్కా కింద పెట్టుకుని తెచ్చాడు, తడవకూడదని. పైనుంచి మూడోది గోధుమరంగు అట్టది, మార్కెట్‌ది. ఒక్కదాన్నీ విప్పి చూడలేదు, విప్పడం తన పని కాదు. అట్టల మీద నంబరు, తారీఖు, ఏది ఏ చోటుదో మాత్రం చూశాడు. చూసింది అతన్ని వదిలి పోదు. ఇన్నాళ్ళూ ఆయనకి తెలియదనుకున్నాడు. తెలియకుండా ఉండిపోయినవాడు తనే.

భార్యకి అంతా రాసి ఇచ్చాడు, నాలుగు కాయితాలు. ఈసారి ఆవిడ పైకి చదవలేదు. గోడకానుకుని, టికెట్లు చింపీ చింపీ బిరుసెక్కిన బొటనవేలితో ఒక్కో వరుస తాకుతూ చదివింది.

"ఆ ఫైలు నంబరు గుర్తుందా?" అంది చివరికి.

డైరీ పెన్ను మూత పెట్టి నేలవైపు చూశాడు.

"ఉంటుందిలెండి. మన పెళ్ళిలో వడ్డించినవాళ్ళు ఎవరెవరో ఇప్పటికీ చెప్తారు మీరు." ఆవిడ కాయితాలు మడిచింది. "ఆయన వెనక నుంచి తీసేస్తే తీసేస్తాడు. నా బస్సు ఉంది. ఇద్దరం అన్నం తింటాం. కానీ మీరిలా మొహం వేలాడేసుకుని కూర్చుంటే మాత్రం నాకు సహించదు."

మర్నాడంతా అతను ఒంట్లో బాగాలేదని ఇంట్లోనే ఉన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళు కూడబెట్టుకున్నది ఒక్క మాటతో ఒలికిపోతుందని భయం. ఆ కూడబెట్టిందేమిటో చూద్దామంటే, ఒక సగం మొహం తప్ప ఏమీ కనపడలేదు. అది ఇంకా భయంగా ఉంది.

ఎల్లుండి అన్నది రానే వచ్చింది. పొద్దున్నే పెద్దాయన స్వయంగా కారు పంపించాడు. వీధి మొదట్లో డైరీ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఈ ఒక్కరోజు అందించరా. ఆ యంత్రంతో పరువు పోతోంది. నీ గొంతు సంగతి నేను చూసుకుంటాను, ఎంత పెద్ద డాక్టరైనా సరే." ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. డైరీకి కష్టమనిపించింది కూడా అదే.

కిళ్ళీ బంకు దాటింది. చెప్పుల కొట్టు దాటింది. తాళాల మేస్త్రి ఇవాళ కుంటకుండా వచ్చాడు. "తాళాల మేస్త్రి. కొడుకు వెళ్ళిపోయాడు. రెండేళ్ళు," అని గాలి వదిలాడు డైరీ. గొంతులో గాజుపెంకు కదిలినట్టయింది.

మార్కెట్ మూల వచ్చింది. పద్నాలుగో గదిలో ఫోన్లు ఎప్పట్లాగే వేలాడుతున్నాయి. పెద్దాయన బావమరిది లోపల ఎవరితోనో బేరమాడుతున్నాడు. కుట్టుమిషను అక్క ఉతికిన చీర కట్టుకుని ఉంది. పక్కన కూతురు కాలేజీ మానేసి వచ్చి నిలబడింది. మిషను మీద పట్టా మడిచి, తాడుతో కట్టి ఉంది, ఎక్కడికో తీసుకుపోవడానికి సిద్ధం చేసినట్టు.

పెద్దాయన రెండు చేతులూ చాచాడు. "అక్కా, ఆ పనిమీదే ఉన్నాను. కాయితాలు కదా, కాస్త ఆలస్యం. మనవాడు ముందే చెప్పుంటే ఈపాటికి..."

ఆవిడ చెయ్యి ఇచ్చింది, పట్టుకోలేదు. పెద్దాయన ఎడమచెవి కొద్దిగా వెనక్కి ఒరిగింది. ఇప్పుడు ఆరడుగులు ముందుగానే సెలూన్ పెద్దమనిషి అందాలి.

అందలేదు.

చెవి ఇంకాస్త ఒరిగింది. ఏమీ రాలేదు. ఆవిడ చెయ్యి వదిలేసింది, ఆయనకి ఇంక పట్టుకోవడానికేం లేదు. జనం చూస్తున్నారు. తర్వాత ఎటు తిరగాలో తెలియక పెద్దాయన ఆవిడ ఎదురుగా అలా ఉండిపోయాడు. "ఊఁ," అన్నాడు మెల్లిగా. "చెప్పరా."

డైరీ అరడుగు ముందుకి వేశాడు. ఇంకో అడుగు వేసి పెద్దాయన్ని దాటాడు.  మిషను పక్కకి వెళ్ళి వంగి, కుట్టుమిషను అక్క చెవి దగ్గర నోరు పెట్టాడు. ఆవిడ బెదిరి వెనక్కి జరగబోయి ఆగింది.

మూడే ముక్కలు చెప్పాడు. ఫైలు నంబరు, తారీఖు, సంతకం ఎవరిదో. చెప్పి ఊపిరి తీసుకుని, ఆవిడకి మళ్ళీ నంబరు చెప్పాడు.

ఆవిడ మిషను వైపు తిరిగింది. మిషను సొరుగు లాగి సుద్దముక్క తీసింది. ఎవరి చొక్కాకో కత్తిరించి పెట్టుకున్న నల్లగుడ్డ మీద పెద్ద పెద్ద అంకెలు వేసింది. కూతురు వాటిని పైకి చదివింది, ఒకసారి కాదు, రెండుసార్లు. లోపల బేరం ఆగిపోయింది.

"ఏం చెప్పావు?" అన్నాడు పెద్దాయన. ఆయన మొహంలో కోపంకన్నా ముందు ఇంకేదో కనపడింది. పక్కనే నిలబడి కూడా మాట వినపడని మనిషి మొహం అది. "ఏం చెప్పావురా ఆవిడకి?"

డైరీ తన గొంతు వైపు వేలు చూపించాడు. డాక్టరు మాట్లాడొద్దన్నాడని.

అల్లుడు జీపు దిగి వస్తున్నాడు. జెండాలవాళ్ళు ఏం జరిగిందో తెలియక ముందుకెళ్ళిపోయారు. సెలూన్ పెద్దమనిషి అరుగు దిగి, నడుం పట్టుకుని, పెద్దాయన్ని చుట్టి డైరీ ముందుకి వచ్చాడు.

"మా అరుగు కొట్టేస్తామని నోటీసిచ్చి నాలుగేళ్ళయింది," అన్నాడు. "ఎవరు రాయించారో ఆఫీసులో చెప్పరు. నాకేమైనా ఉందా డైరీ గారూ?"

అంటూ తలపాగా పక్కకి జరిపి చెవి ఇచ్చాడు. ఆయన వెనక తాళాల మేస్త్రి నిలబడ్డాడు, ఆ వెనక వడ్రంగి. ఆ వానరోజు మోసిన ఫైళ్ళు పదకొండు. సెలూన్‌ది ఎన్నోదో గుర్తు చేసుకుని డైరీ వంగాడు.